కేబుల్ లేకుండా ఇంట్లో కాలేజీ ఫుట్‌బాల్ చూడటం ఎలా: ముందు యాంటెన్నా, ఆ తర్వాతే యాప్

అమెరికాలో ఆగస్టు నెలాఖరు వచ్చిందంటే శనివారాలన్నీ కాలేజీ ఫుట్‌బాల్‌వే (అమెరికన్ ఫుట్‌బాల్, సాకర్ కాదు). పొద్దున మొదలైతే అర్ధరాత్రి దాకా ఏదో ఒక ఛానల్‌లో గేమ్ నడుస్తూనే ఉంటుంది. కొత్తగా మాస్టర్స్‌కి వచ్చిన స్టూడెంట్లకీ, పిల్లల్ని ఇక్కడి కాలేజీల్లో చేర్చిన తల్లిదండ్రులకీ మొదటి సీజన్‌లోనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఇంట్లో కేబుల్ లేదు, మరి ఎలా చూడాలి?

ఎవరిని అడిగినా "యూట్యూబ్ టీవీ తీసేసుకో" అంటారు. తీసుకోవచ్చు. 2025 సీజన్‌లో దాని ధర నెలకు 82.99 డాలర్లు, పన్నులు వేరు. హులు లైవ్ టీవీ కూడా అటూ ఇటూగా అంతే. పేరు మారింది గానీ అదీ కేబుల్ బిల్లే. చాలామందికి అంత ప్యాకేజీ అక్కర్లేదు. మీ టీమ్ గేమ్‌లు ఏ ఛానళ్ళలో వస్తాయో చూసుకుని, వాటిలో ఉచితంగా దొరికేవి యాంటెన్నాతో పట్టుకుని, మిగిలినదానికి మాత్రమే, అదీ సీజన్ ఉన్న నెలలకే డబ్బు కడితే సరిపోతుంది. ఈ వరసలోనే చెబుతాను. వరస తప్పి ముందే యాప్ కొంటే ఖర్చు తగ్గదు.

1. మీ టీమ్ ఏ కాన్ఫరెన్స్‌లో ఉందో చూడండి

కాలేజీ ఫుట్‌బాల్ ప్రసార హక్కులు సాధారణంగా టీమ్‌ల దగ్గర ఉండవు, కాన్ఫరెన్స్‌లు (కొన్ని కాలేజీ టీమ్‌లు కలిసి ఆడే గ్రూపులు) అమ్ముకుంటాయి. కాబట్టి కాన్ఫరెన్స్ తెలిస్తే ఛానళ్ళు సగం తెలిసినట్టే.

టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎమ్, ఓక్లహోమా, అలబామా, జార్జియా లాంటివి ఎస్ఈసీలో ఉన్నాయి. 2024 నుంచి ఎస్ఈసీ హక్కులన్నీ డిస్నీ చేతికి వెళ్ళాయి. అంటే ఏబీసీ, ఈఎస్‌పీఎన్, ఈఎస్‌పీఎన్2, ఎస్ఈసీ నెట్‌వర్క్. ఒకప్పుడు సీబీఎస్‌లో మధ్యాహ్నం మూడున్నరకి వచ్చే ఎస్ఈసీ గేమ్ ఇప్పుడు అక్కడ లేదు, పాత సలహాలు చదివి వెతక్కండి.

ఒహాయో స్టేట్, మిషిగన్, పెన్ స్టేట్, పర్డ్యూ, ఇలినాయ్ ఇవన్నీ బిగ్ టెన్. 2024లో యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, ఒరెగాన్, వాషింగ్టన్ కూడా అందులో చేరాయి. వీటి పెద్ద గేమ్‌లు ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీల్లో వస్తాయి. మిగిలినవి ఫాక్స్ వాళ్ళ స్పోర్ట్స్ ఛానల్ ఎఫ్ఎస్1లో, బిగ్ టెన్ నెట్‌వర్క్‌లో. కొన్ని గేమ్‌లు మాత్రం పీకాక్ యాప్‌లో తప్ప ఎక్కడా రావు. యాంటెన్నా పెట్టుకున్నవాడికి అన్నిటికన్నా లాభం ఉన్న కాన్ఫరెన్స్ ఇదే.

బిగ్ 12లో అరిజోనా స్టేట్, టెక్సస్ టెక్, హ్యూస్టన్, కాన్సస్ ఉన్నాయి. వీటి గేమ్‌లను ఈఎస్‌పీఎన్, ఫాక్స్ పంచుకున్నాయి. 2025 నుంచి కొన్ని టీఎన్‌టీ అనే కేబుల్ ఛానల్‌కీ వెళ్ళాయి. ఏసీసీ (క్లెమ్సన్, ఫ్లోరిడా స్టేట్, నార్త్ కరోలినా, ఎస్ఎమ్‌యూ) ఎక్కువగా ఈఎస్‌పీఎన్, ఏసీసీ నెట్‌వర్క్‌లలో ఉంటుంది, కొన్ని గేమ్‌లు ఉచితంగా దొరికే సీడబ్ల్యూ ఛానల్‌లో వస్తాయి. నోటర్ డేమ్ ఫుట్‌బాల్‌లో ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేదు. దాని హోమ్ గేమ్‌లు 1991 నుంచి ఎన్‌బీసీవే.

మనవాళ్ళు పెద్ద సంఖ్యలో చదివే యూటీ డాలస్‌కి అసలు ఫుట్‌బాల్ టీమే లేదు. అందుకే అక్కడి స్టూడెంట్లు ఆస్టిన్‌లో ఉన్న టెక్సస్ టీమ్‌నో టెక్సస్ ఏ అండ్ ఎమ్‌నో పట్టుకుంటారు. డెంటన్‌లోని నార్త్ టెక్సస్‌కి టీమ్ ఉంది. అది అమెరికన్ కాన్ఫరెన్స్ కాబట్టి గేమ్‌లు ఎక్కువగా ఈఎస్‌పీఎన్ ఛానళ్ళలో, ఈఎస్‌పీఎన్ యాప్‌లో ఉంటాయి.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. గేమ్ ఎవరి గ్రౌండ్‌లో జరిగితే ఛానల్ ఆ టీమ్ కాన్ఫరెన్స్‌ది. 2025 ఆగస్టు 30న టెక్సస్ వెళ్ళి ఒహాయో స్టేట్‌తో ఆడింది. టెక్సస్ ఎస్ఈసీ టీమే అయినా ఆ గేమ్ ఫాక్స్‌లో వచ్చింది, ఎందుకంటే ఆతిథ్యం బిగ్ టెన్‌ది. వారం తర్వాత మిషిగన్ ఓక్లహోమాకి వెళ్తే ఆ గేమ్ ఏబీసీలో వచ్చింది. మీ టీమ్ షెడ్యూల్ ముందు పెట్టుకుని, ఏది ఇంట్లో, ఏది బయట అని గీత గీసుకుంటే ఎన్ని గేమ్‌లు ఉచితంగా దొరకొచ్చో ఒక అంచనా వస్తుంది.

2. యాంటెన్నా పెట్టండి

ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, సీడబ్ల్యూ, ఇవన్నీ గాల్లో ఉచితంగా వచ్చే ఛానళ్ళు. నెలవారీ ఫీజు లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. టీవీ వెనక గుండ్రటి కోయాక్స్ పోర్ట్ ఉండి, దాని పక్కన యాంటెన్నా అని రాసి ఉంటే చాలు. కంప్యూటర్ మానిటర్లకి ట్యూనర్ ఉండదు కాబట్టి అవి పనికిరావు.

కొనేముందు అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో ఉన్న డీటీవీ మ్యాప్స్‌లో గానీ, రాబిట్ ఇయర్స్ సైట్‌లో గానీ మీ అడ్రస్ కొట్టి చూడండి. ఏ టవర్ ఎంత దూరంలో ఉంది, ఏ దిక్కున ఉంది, సిగ్నల్ బలం ఎంత, అన్నీ చూపిస్తుంది. అదే పేజీలో ఇంకొకటి గమనించాలి. ఆ ఛానల్ యూహెచ్ఎఫ్‌లో వస్తోందా, వీహెచ్ఎఫ్‌లోనా? (ఇవి రెండు ఫ్రీక్వెన్సీ శ్రేణులు, వీహెచ్ఎఫ్ కిందిది.)

ఈ ఒక్క విషయం చూడకపోవడం వల్లే చాలామంది యాంటెన్నా పనిచేయదని పక్కన పడేస్తారు. గోడకి అతికించే పల్చటి కాగితంలాంటి యాంటెన్నాలు యూహెచ్ఎఫ్‌ని బాగా పట్టుకుంటాయి, వీహెచ్ఎఫ్ దగ్గర తడబడతాయి. సమస్యేమిటంటే పెద్ద ఊళ్ళలో చాలాచోట్ల ఏబీసీ వచ్చేదే వీహెచ్ఎఫ్‌లో. డాలస్‌లో ఛానల్ 8, హ్యూస్టన్‌లో 13, న్యూయార్క్‌లో 7, లాస్ ఏంజెలెస్‌లో 7, ఫిలడెల్ఫియాలో 6. ఫాక్స్, ఎన్‌బీసీ అద్దంలా వస్తూ ఏబీసీ మాత్రం ముక్కలుముక్కలుగా వస్తే కారణం దాదాపు ఇదే. ఎస్ఈసీ అభిమానికి ఏబీసీ లేని యాంటెన్నా ఎందుకు చెప్పండి?

అందుకే రెండు కడ్డీలు పైకి లాగే పాతరకం రాబిట్ ఇయర్స్ ఉన్న యాంటెన్నా కొనండి. చూడటానికి అందంగా ఉండదు, ధర కూడా పెద్దగా ఉండదు. డాలస్ 8వ ఛానల్‌కి ఒక్కో కడ్డీ సుమారు 16 అంగుళాలు లాగి పెడితే సరిపోతుంది. ఫిలడెల్ఫియా 6 ఇంకా కింది ఫ్రీక్వెన్సీ కాబట్టి అక్కడ 35 అంగుళాలదాకా కావాలి. కడ్డీ ఎంత పొడుగు లాగితే అంత మంచిదనుకోవద్దు, పొడుగు ఛానల్‌ని బట్టి ఉంటుంది.

తర్వాత దిక్కు. డాలస్ ప్రాంతంలో పెద్ద ఛానళ్ళ టవర్లన్నీ సీడర్ హిల్‌లో ఉన్నాయి. అర్వింగ్‌లో, ప్లేనోలో, ఫ్రిస్కోలో ఎక్కడున్నా అది మీకు దక్షిణం వైపే. అర్వింగ్‌కి దగ్గరే. ఫ్రిస్కో నుంచి సుమారు 40 మైళ్ళు, అక్కడ కాస్త మంచి యాంటెన్నా కావాలి. దక్షిణం వైపు కిటికీ ఉంటే అందులో పెట్టండి, టీవీ వెనక గోడకి పెట్టొద్దు. దూరదర్శన్ రోజుల్లో ఒకరు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని అరిస్తే కింద ఇంకొకరు "ఇంకొంచెం తిప్పు" అన్నట్టే ఇదీ. తేడా ఒకటే, డిజిటల్‌లో చుక్కలతో కూడిన బొమ్మ రాదు. వస్తే శుభ్రంగా వస్తుంది, లేకపోతే ఆగిపోతుంది, ముక్కలవుతుంది.

ఇప్పుడు టీవీ సెట్టింగ్స్‌లో ఛానల్ స్కాన్ నొక్కండి. అక్కడ కేబుల్, యాంటెన్నా అని రెండు అడుగుతుంది, యాంటెన్నా ఎంచుకోవాలి. కొన్ని టీవీల్లో దాన్ని ఎయిర్ అంటారు. స్కాన్ అయ్యాక మీకు కావలసిన ఛానల్ లేకపోతే యాంటెన్నా రెండడుగులు జరిపి మళ్ళీ స్కాన్ చేయండి. ప్రతిసారీ జరిపాక స్కాన్ చేయాల్సిందే, లేకపోతే కొత్త ఛానల్ లిస్టులోకి రాదు. యాంటెన్నాతో పాటు యాంప్లిఫయర్ వస్తే ముందు అది లేకుండా చూడండి. టవర్‌కి దగ్గరున్న ఇళ్ళలో అది సిగ్నల్‌ని ఎక్కువ చేసి ఉన్నదాన్ని కూడా పాడుచేస్తుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం, మేనేజ్‌మెంట్ ఒప్పుకోదేమో అని టెన్షన్ పడేవాళ్ళకి ఒక మాట. మీ వాడకంలోనే ఉన్న బాల్కనీలో యాంటెన్నా పెట్టుకునే హక్కు ఎఫ్‌సీసీ నిబంధన ప్రకారం మీకుంది, అద్దెకున్నవాళ్ళకి 1999 నుంచీ ఉంది. అందరూ వాడే గోడకి, పైకప్పుకి బిగించే హక్కు మాత్రం దాంతో రాదు. డ్రిల్లింగ్ జోలికి పోకుండా స్టాండ్ మీద పెట్టుకుంటే గొడవే లేదు.

3. ఈఎస్‌పీఎన్ మాట తేల్చుకోండి

యాంటెన్నా పెట్టాక మిగిలే పెద్ద లోటు ఈఎస్‌పీఎన్. బిగ్ టెన్ అభిమానికైతే ఎఫ్ఎస్1, బిగ్ టెన్ నెట్‌వర్క్. దీనికి ఇప్పుడు దారులు చాలానే ఉన్నాయి. కింద రాసిన ధరలు 2025 సీజన్‌వి. సీజన్ సీజన్‌కీ మారుతుంటాయి కాబట్టి కట్టేముందు ఒకసారి చూసుకోండి.

2025 ఆగస్టు 21న ఈఎస్‌పీఎన్ తన ఛానళ్ళన్నిటినీ నేరుగా అమ్మడం మొదలుపెట్టింది. ఈఎస్‌పీఎన్ అన్‌లిమిటెడ్ అనే ఆ ప్లాన్ నెలకు 29.99 డాలర్లు. ఇందులో ఈఎస్‌పీఎన్, ఈఎస్‌పీఎన్2, ఈఎస్‌పీఎన్‌యూ, ఎస్ఈసీ నెట్‌వర్క్, ఏసీసీ నెట్‌వర్క్ ఉంటాయి. ఎస్ఈసీ, ఏసీసీ టీమ్‌ల వాళ్ళకి యాంటెన్నా, ఈ ప్లాన్ రెండూ ఉంటే దాదాపు అన్నీ దొరికినట్టే. సెలెక్ట్ అనే చవక ప్లాన్ ఒకటి ఉంది, అది పాత ఈఎస్‌పీఎన్ ప్లస్సే. అందులో ఈఎస్‌పీఎన్ ఛానల్ రాదు. పేరు చూసి పొరబడి కొని, శనివారం గేమ్ తెరుచుకోక తిట్టుకునేవాళ్ళు ఎక్కువ. అయితే బిగ్ 12, అమెరికన్ కాన్ఫరెన్స్‌ల చిన్న గేమ్‌లు కొన్ని దానిలోనే ఉంటాయి.

అదే రోజు ఫాక్స్ వాళ్ళ ఫాక్స్ వన్ కూడా మొదలైంది, నెలకు 19.99. ఫాక్స్, ఎఫ్ఎస్1, బిగ్ టెన్ నెట్‌వర్క్ అందులో వస్తాయి. రెండూ కలిపి 39.99కి అమ్మారు. బిగ్ 12 వాళ్ళకి ఈ జోడీ బాగా సరిపోతుంది. పీకాక్ అప్పుడు 10.99. బిగ్ టెన్ వాళ్ళు దాన్ని సీజన్ అంతా ఉంచుకోనక్కర్లేదు, మీ టీమ్ గేమ్ పీకాక్‌లో మాత్రమే పడిన నెలలో తీసుకోండి.

నెల మొత్తంలో ఒకటో రెండో గేమ్‌లు చూసేవాళ్ళకి ఇవన్నీ కూడా ఎక్కువే. స్లింగ్ అనే లైవ్ టీవీ యాప్ వాళ్ళు 2025లో డే పాస్ అని ఒకటి తెచ్చారు. 4.99 డాలర్లకి ఒక రోజంతా ఈఎస్‌పీఎన్ ఉన్న ప్యాకేజీ చూడొచ్చు, వీకెండ్ పాస్ అయితే 9.99. నా దృష్టిలో కొత్తగా ఆట నేర్చుకుంటున్న స్టూడెంట్‌కి ఇంతకన్నా తెలివైన ఖర్చు లేదు. ఆట నచ్చకపోతే పోయేది ఐదు డాలర్లు. తెలుగు ఛానళ్ళ కోసం ఇప్పటికే స్లింగ్ వాడే ఇళ్ళలో యాప్ ఎలాగూ ఉంటుంది.

మరి యూట్యూబ్ టీవీ ఎవరికి? ఒక్క టీమ్ కాకుండా శనివారం అంతా నాలుగు గేమ్‌లు ఒకే తెర మీద పెట్టుకుని కూర్చునేవాళ్ళకి, ఒక ఇంట్లో నలుగురు రూమ్మేట్లు కలిసి కట్టుకునేవాళ్ళకి. అది తీసుకున్నా యాంటెన్నా తీసేయకండి. 2025 అక్టోబరు 30 రాత్రి డిస్నీకీ యూట్యూబ్ టీవీకీ ఒప్పందం కుదరక ఈఎస్‌పీఎన్, ఏబీసీ అన్నీ అందులోంచి పోయాయి. నవంబరు 14దాకా తిరిగి రాలేదు. సీజన్ మంచి ఊపు మీదున్న రోజులవి. యాంటెన్నా ఉన్న ఇళ్ళలో ఏబీసీ మామూలుగానే వచ్చింది.

ఇక ఇండియన్ స్టోర్ల దగ్గర, తెలిసినవాళ్ళ ద్వారా దొరికే "అన్ని ఛానళ్ళూ వస్తాయి" అనే బాక్సుల సంగతి. వాటిలో చాలావాటికి ఈ గేమ్‌ల హక్కులు ఉండవు. నాలుగో క్వార్టర్‌లో ఆగిపోతే అడగడానికి ఎవరూ ఉండరు, ఇంటి వైఫైలో ఏం కలుస్తోందో కూడా తెలీదు. వద్దనే చెబుతాను.

4. నెలల లెక్క వేసుకోండి

సీజన్ ఆగస్టు చివరి వారంలో మొదలై నవంబరు ఆఖరుకి మామూలు గేమ్‌లు అయిపోతాయి. ఒక్కో టీమ్ 12 ఆడుతుంది. డిసెంబరు మొదటి వారంలో కాన్ఫరెన్స్ ఫైనల్స్. 2024 నుంచి ప్లేఆఫ్‌లో (ఛాంపియన్‌ని తేల్చే నాకౌట్ గేమ్‌లు) 12 టీమ్‌లు ఆడుతున్నాయి. మొదటి రౌండ్ డిసెంబరు మూడో వారం చుట్టూ, ఫైనల్ జనవరిలో. 2025 జనవరి 20న ఒహాయో స్టేట్ నోటర్ డేమ్‌ని 34-23తో ఓడించిన ఫైనల్ ఈఎస్‌పీఎన్‌లోనే వచ్చింది. ఆ ప్లేఆఫ్ మొదటి రౌండ్‌లో రెండు గేమ్‌లు మాత్రం టీఎన్‌టీకి వెళ్ళాయి.

మీ టీమ్‌కి ప్లేఆఫ్ అవకాశం లేదని అక్టోబరులోనే తేలిపోతే, నవంబరు చివర థాంక్స్‌గివింగ్ వారం గేమ్‌తో ప్లాన్ ఆపేయొచ్చు. టెక్సస్, ఏ అండ్ ఎమ్ లాంటి పాత పగలు చాలావరకు ఆ వారమే. ఏడాది ప్లాన్‌లో డిస్కౌంట్ చూపిస్తారు. ఫిబ్రవరి నుంచి జులైదాకా ఈ ఆటే లేదన్నది గుర్తుపెట్టుకుని ఆ డిస్కౌంట్ లెక్కవేయండి. నెలవారీ తీసుకుని, తీసుకున్న రోజే ఆటో రెన్యువల్ ఆపేస్తే చాలా సర్వీసుల్లో ఆ నెల పూర్తయ్యేదాకా నడుస్తుంది.

5. ఛానల్, టైమ్ వారం వారం చూసుకోండి

క్రికెట్ షెడ్యూల్‌లా మొదట్లోనే అన్ని టైమ్‌లూ ఇవ్వరు. మొదటి కొన్ని వారాల గేమ్‌లకి వేసవిలోనే చెబుతారు. ఆ తర్వాత చాలా గేమ్‌లకి టైమ్, ఛానల్ 12 రోజుల ముందు ప్రకటిస్తారు. ఏ టీమ్ ఎలా ఆడుతోందో చూసి ఎంచుకోవాలని ఛానళ్ళు కొన్నిటిని ఇంకా ఆపి ఆరు రోజుల ముందు చెబుతాయి. కాబట్టి ఫ్రెండ్స్‌ని పిలిచే ముందు, బిర్యానీ ఆర్డర్ చేసే ముందు సోమవారం ఒకసారి చూడండి. టీమ్ అధికారిక సైట్ చాలు.

టైమ్‌లు సాధారణంగా ఈస్టర్న్‌లో చెబుతారు. మధ్యాహ్నం 12, 3:30, సాయంత్రం 7 లేదా 7:30. డాలస్‌లో ఉంటే ఒక గంట తగ్గించుకోండి. ఒక్కో గేమ్ దాదాపు మూడున్నర గంటలు పడుతుంది. ఇండియాలో ఉన్న అన్నయ్యకో తమ్ముడికో వీడియో కాల్‌లో చూపించాలనుకుంటే మధ్యాహ్నం 12 గేమే నయం, అక్కడ రాత్రి 9:30. నవంబరు మొదటి ఆదివారం గడియారం మారాక 10:30.

6. గేమ్ రోజు చిన్న చిన్న విషయాలు

యాప్‌లో వచ్చే గేమ్ యాంటెన్నా కన్నా అర నిమిషమో ఇంకా ఎక్కువో వెనక ఉంటుంది. మీరింకా మూడో డౌన్ (మూడో ప్రయత్నం) చూస్తుండగానే వాట్సాప్ గ్రూప్‌లో "టచ్‌డౌన్!" అని ఎవడో పెట్టేస్తాడు. ఒకే గేమ్ రెండింటిలోనూ ఉంటే యాంటెన్నాలో చూడండి, లేదా గ్రూప్‌ని మ్యూట్‌లో పెట్టండి. స్కోర్ అలర్ట్‌లు కూడా ఆపేయాలి.

యాప్ ఆగి ఆగి వస్తుంటే ముందు టీవీకి వైఫై బదులు ఈథర్నెట్ వైర్ పెట్టి చూడండి. షేర్డ్ అపార్ట్‌మెంట్లలో ఇంకో గదిలో ఎవరో పెద్ద డౌన్‌లోడ్ పెట్టి ఉంటారు, అదీ అడగండి. లైవ్ టీవీ యాప్‌లు మీ ఊరిని బట్టి లోకల్ ఛానళ్ళు ఇస్తాయి. కాబట్టి ఆస్టిన్‌లో ఉన్న ఫ్రెండ్ అకౌంట్‌తో సియాటిల్‌లో చూద్దామంటే ఇబ్బందులొస్తాయి.

శనివారం పనిలో ఉండి తర్వాత చూసేవాళ్ళు యాంటెన్నాకి టాబ్లో లాంటి రికార్డర్ తగిలించుకోవచ్చు. కొత్త టాబ్లోకి నెలవారీ ఫీజు లేదు. రికార్డింగ్ పెట్టేటప్పుడు ముగింపు టైమ్‌కి ఒక గంట, వీలైతే గంటన్నర అదనంగా కలపండి. స్కోర్ సమమై ఓవర్‌టైమ్‌కి వెళ్ళినా, పిడుగుల వల్ల గేమ్ కాసేపు ఆగినా షెడ్యూల్ మొత్తం జరిగిపోతుంది. ముందు గేమ్ ఆలస్యమైతే మీ గేమ్ మొదలయ్యే నిమిషాలు కూడా కొన్నిసార్లు ఇంకో ఛానల్‌కి మారుస్తారు.